ఆకుకూరల బుట్టలో మార్పులు: ధర, రోజులు, వాటి వెనకున్న పొలాల సంగతి

మన కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి ఆకుకూరల కట్ట 12 రూపాయల నుంచి 15 రూపాయలు అవుతుంది. రోజూ ఇచ్చే డెలివరీ ఇక సోమ, బుధ, శనివారాలకే. పుదీనా, కరివేపాకు కొంతకాలం ఉండవు. మార్కెట్లో కొనుక్కొచ్చి మన పొలం కూర అని చెప్పి అమ్మడం మాకిష్టం లేదు.

హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల మనకు కూరలు పండించే కౌలు పొలాల్లో సగానికి పైగా చేతులు మారాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111, 1996 నాటిది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలాయి. ఎకరం కోట్లు పలికే చోట ఏడాది కౌలు వేలల్లోనే వస్తుంది కాబట్టి, అమ్ముకున్న పట్టాదారును మేం తప్పుపట్టం. నష్టపోయేది కౌలు రైతు. కాగితం రాస్తే కౌలుదారుకు హక్కు వస్తుందేమోనని పట్టాదారుకు భయం. అందుకే అంతా నోటిమాట మీదే నడుస్తుంది. కోతకు వారం ఉందనగా కడీలు పాతి తీగ చుట్టినా అడగడానికి ఆధారం ఉండదు.

పక్క పొలం తీసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. రియల్ ఎస్టేట్ వెంచర్ పక్కన ఆకుకూర పండించడం చాలా కష్టం. లేఅవుట్‌లో పైమట్టి గీకేసి, మొరం పోసి, రోలర్ తిప్పుతారు. ఆ నేల వాన నీటిని ఇంకనివ్వదు. కాలువకు అడ్డంగా ప్రహరీ లేస్తే నీళ్లన్నీ పల్లంలో ఉన్న పాలకూర మడుల్లోకి వస్తాయి. రెండు రోజులు నిలిచాయంటే వేరు ఊపిరాడక ఆకు పసుపెక్కి పోతుంది. అమ్ముడుపోయి ఖాళీగా పడున్న ప్లాట్లలో వయ్యారిభామ పూసి, విత్తనం గాలికి కొట్టుకొచ్చి కొత్తిమీర మడిలో మొలుస్తుంది. కొత్తిమీర మొలక సన్నం, కలుపు చేత్తోనే తీయాలి. ఆ పనికి కూలీలు దొరకడం లేదు, ఎక్కువమంది సైట్ పనులకే వెళ్తున్నారు.

వంటింట్లో మీకు తెలిసే తేడా ఇంకొకటి ఉంది. వచ్చే ఏడాది పొలం ఉంటుందో లేదో తెలియని రైతు ఎకరానికి పది టన్నుల పశువుల ఎరువు తోలడు. దాని సారం రెండు మూడేళ్లు అందుతుంది, అప్పటికి తను అక్కడ ఉండకపోవచ్చు. యూరియా చల్లి గట్టెక్కుతాడు. అలా ఎదిగిన పాలకూర వెడల్పుగా, ముదురు పచ్చగా బాగానే కనిపిస్తుంది కానీ ఆకు నిండా నీరే. ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి కాడ దగ్గర జిగురవుతుంది. ఈ మధ్య కూర నిలవడం లేదని మీరు చేసిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. పంటల ఎంపిక కూడా మారిపోతుంది. పాలకూర, మెంతికూర 25 రోజుల్లో చేతికొస్తాయి కాబట్టి భరోసా లేని నేలలోనూ వేస్తారు. పుదీనా, బచ్చలి, కరివేపాకు ఏళ్ల తరబడి అదే నేలలో ఉండాలి, అందుకే ముందుగా పోయేవి అవే.

ఇప్పుడు పరిగి వైపు మూడేళ్ల కౌలు ముందే చెల్లించి, కాగితం మీద రాసుకుని పొలాలు తీసుకున్నాం. హైదరాబాద్‌కు దూరం సుమారు 70 కిలోమీటర్లు. ఆకుకూరకు దూరం పడదు. తడి మీద గోనెసంచుల్లో కుక్కితే లోపల వేడెక్కి, తెల్లారేసరికి మధ్య కట్టలు పసుపు తిరుగుతాయి. అందుకే సాయంత్రం ఎండ తగ్గాక కోసి, నీడలో గంటసేపు పరిచి, వేళ్లు కిందికి ఉండేలా ప్లాస్టిక్ క్రేట్లలో నిలబెట్టి, పైన తడి గోనె కప్పి రాత్రికే బండి ఎక్కిస్తాం. ఒక్క క్రేట్‌లో 40 కట్టలకు మించవు. గోనెల్లో అంతకు రెట్టింపు పట్టేవి. ధరలో పెరిగిన మూడు రూపాయలు ఈ క్రేట్లకు, డీజిల్‌కు, ముందే కట్టిన కౌలుకు.

కొత్తిమీర, మెంతికూర వేళ్లతోనే వస్తాయి. మట్టి ఉందని కోసి పారేయకండి. కడగకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వండేముందే వేళ్లు కోయండి. బుధవారం మెంతికూర గురువారంలోగా వాడేయండి, అది అన్నిటికంటే ముందు పసుపెక్కుతుంది.

ఇంకో మాట. మీలో చాలామందికి ఔటర్ రింగ్ రోడ్డు అవతల ప్లాట్లు, ఫామ్ ల్యాండ్ ఉన్నాయి. ఇల్లు కట్టేదాకా ఖాళీగా ఉంచే బదులు కూరలకు ఇవ్వదలిస్తే మాకు చెప్పండి. ఒక్క గుంట అంటే 121 గజాలు, విడిగా అంతలో సేద్యం గిట్టదు. ఒకే చోట కనీసం 20 గుంటలు కలవాలి, రెండంగుళాల నీళ్లు పోసే బోరు ఉండాలి, రెండేళ్లు కదిలించకూడదు. మొరం పోసిన నేల మాత్రం మేం తీసుకోలేం. ఎకరంలో అరడుగు మందాన కొత్త మట్టి పరవాలంటే 600 ఘనపు మీటర్లు దాటుతుంది. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా 200 ట్రిప్పులు. ప్లాటు ఇంకా చదును చేయించకపోతే, రోలర్‌ను పిలిచే ముందు ఒక్కసారి మమ్మల్ని అడగండి. వచ్చి మట్టి, నీళ్లు చూసి, కౌలు ఎంత ఇవ్వగలమో అక్కడే చెప్తాం.