ముద్ర పడందే కదలకు

చిన్నీ,

ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా నాన్నా, తర్వాత మాట్లాడతా" అంటావు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అందుకే రాస్తున్నాను.

మోటారు సైకిల్ మీద ఆఫ్రికా తిరగడానికి నువ్వు పంపిన కార్నెట్ ఫారం ఆటోనగర్‌లో ప్రింటు తీయించుకుని మళ్లీ మళ్లీ చదివాను. కార్నెట్ అంటే బండిని సుంకం కట్టకుండా వేరే దేశాల్లోకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకోవడానికి ఇచ్చే కాగితాల పుస్తకం. మీ అమ్మ నీ బండి దిగే కెన్యా రేవు మొంబాసా ఎక్కడుందో మ్యాపులో చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది. నాకు మాత్రం ఆ ఫారంలో కొత్తేమీ కనిపించలేదు. ఇరవై ఎనిమిదేళ్లు లారీ ఆఫీసులో ఇలాంటి కాగితాలే రాశాను. ఇది మన ట్రాన్సిట్ పాసే, కాకపోతే సముద్రాలు దాటుతుంది.

జీఎస్టీ రాకముందు సంగతి చెబుతా. మద్రాసు నుంచి భువనేశ్వర్ వెళ్లే లోడు మన రాష్ట్రం మీదుగా పోవాలంటే, అడుగుపెట్టిన చెక్‌పోస్టులో పాసు తీసుకుని, బయటికి పోయే చెక్‌పోస్టులో అప్పగించాలి. ఒకసారి టైర్ల లోడుతో మా డ్రైవరు తెల్లవారుజామున నిద్రమత్తులో పాసు ఇవ్వకుండానే దాటేశాడు. సరుకు భువనేశ్వర్ చేరింది, పార్టీ సంతకం కూడా పెట్టాడు. కాగితం లెక్కలో మాత్రం ఆ టైర్లన్నీ ఆంధ్రలోనే అమ్ముడుపోయాయి! పన్ను, పైన పెనాల్టీ. డెలివరీ రసీదు పట్టుకుని పదకొండు నెలలు తిరిగాను. ఆ ఏడాదే నువ్వు పదో తరగతి. నీ పరీక్షలప్పుడు నేను ఇంట్లో ఎందుకు లేనో ఇప్పుడు తెలిసిందా?

నీ బండి సంగతీ అంతే. కెన్యాలోకి సుంకం కట్టకుండా దిగుతుంది. మళ్లీ బయటికి వెళ్లినట్టు ముద్ర లేకపోతే అక్కడే అమ్మేశావని లెక్క. అప్పుడు వాళ్లు నిన్ను వెతుక్కుంటూ రారు, కార్నెట్ ఇచ్చిన సంఘాన్ని అడుగుతారు. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఆ డబ్బును మనం ఇచ్చిన బ్యాంకు గ్యారంటీలోంచి తీసుకుంటుంది. ఆ గ్యారంటీ వెనక ఉండేది నా ఎఫ్‌డీ. సోది చెబుతున్నాననుకోకు, డబ్బు నాది కాబట్టి చెబుతున్నాను.

నిరుడు నేపాల్ వెళ్లావు కదా, సునౌలీ దాటాక రోజుల లెక్కన భన్సార్, అంటే వాళ్ల కస్టమ్స్ రుసుము, కట్టి చీటీ జేబులో పెట్టుకున్నావు. అన్ని సరిహద్దులూ అలాగే ఉంటాయనుకోకు. కార్నెట్‌లో దేశానికో పేజీ. పేజీకి మూడు ముక్కలు. లోపలికి వెళ్లేటప్పుడు కింది ముక్క కస్టమ్స్ వాళ్లు చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క. పై ముక్క మనకే ఉంటుంది. దాని మీద వచ్చిన ముద్ర, వెళ్లిన ముద్ర రెండూ పడాలి. మనల్ని కాపాడేది ఆ పై ముక్కే. కౌంటరు దగ్గరే నిలబడి తేదీ చూడు, సంతకం చూడు. వెనకాల లైను గొణిగితే గొణగనీ.

ఇంకొకటి. నువ్వు రాసిన దారిలో బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా వరసగా ఉన్నాయి. అవి మూడు దేశాలే అయినా కస్టమ్స్‌కి ఒకే ఇల్లు. లెసోతో, ఎస్వాటిని కూడా అందులోవే. 1910 నుంచీ ఉన్న కూటమి అది. కాబట్టి బోట్స్వానాలో అడుగుపెట్టేటప్పుడు ఒక ముద్ర, కేప్‌టౌన్‌లో బండి ఓడ ఎక్కించేటప్పుడు ఒక ముద్ర. మధ్యలో ఎవరైనా ఉత్సాహపడి ఇంకో పేజీ చింపబోతే ఆపు.

ఫారంలో నువ్వు రాసిన చాసిస్ నంబరు తప్పు. నాలుగోసారి చూస్తే గానీ నాకూ తెలియలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు బండి హ్యాండిల్ పక్కకి తిప్పి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి ఉంచా కదా, దానితో పోల్చా. పదిహేడు అక్షరాల్లో పదకొండోది నువ్వు ఇంగ్లీషు 'ఓ' అని రాశావు. చాసిస్ నంబర్లలో 'ఐ', 'ఓ', 'క్యూ' అసలు వాడరు. ఒకటికీ సున్నాకీ తికమక పడతారనే తీసేశారు. అది సున్నా. ఈ ఒక్క అక్షరం కోసం ఏ సరిహద్దులోనో బండి ఆపేస్తే నీకు అక్కడ చెట్టు నీడ కూడా దొరకదు.

కార్నెట్ ఇచ్చిన రోజు నుంచి ఏడాదే చెల్లుతుంది. తొందరపడి ముందే తీసుకున్నావంటే ఓడలో పోయే రోజులన్నీ అందులోంచే తరుగుతాయి. బుకింగ్ ఖాయమయ్యాకే తీసుకో. పెట్రోలు ఖాళీ చేయడం, బ్యాటరీ వైరు విప్పడం షిప్పింగువాళ్లు చెబుతారు, అది నీకు తెలిసిన పనే. ఇంటర్నేషనల్ లైసెన్సు కూడా ఏడాదికే ఇస్తారు, రెండూ ఒకసారే చూసుకో.

మీ అమ్మ 'ఎల్లో కార్డు తీసుకుందా' అని అడుగుతోంది. ఆమె అడిగేది జ్వరం టీకా కార్డు. ఆ ఎల్లో ఫీవర్ కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. బండి ఇన్సూరెన్సుకీ అక్కడ ఎల్లో కార్డు అనే ఒకటుంది, కొమెసా అనే ఆఫ్రికా దేశాల వాణిజ్య కూటమి వాళ్లది. కెన్యా, టాంజానియా, జాంబియాల్లో థర్డ్ పార్టీకి అది పనికొస్తుంది. రెండూ పసుపే, ఒకటి అడిగితే ఇంకోటి చూపించకు.

తిరిగి వచ్చాక ముంబైలో బండి విడిపించగానే ఇంటికి వచ్చేయకు. మన కస్టమ్స్ ముద్ర కూడా వేయించి, కార్నెట్ ఆ సంఘానికి అప్పగించి, రసీదు తీసుకుని అప్పుడు రా. అప్పటిదాకా నా డబ్బు బ్యాంకులో కట్టేసిన గేదెలా ఉంటుంది.

ఎఫ్‌డీ ఇద్దరి పేరా ఉంది కాబట్టి మీ అమ్మ సంతకం కూడా కావాలి. ఆమె గుంటూరు మీ పిన్ని దగ్గరికి వెళ్తోంది, ఆదివారం వస్తుంది. సోమవారం పొద్దున పదిన్నరకి బ్యాంకుకి వెళ్తాం. ఆలోపు సరిచేసిన ఫారం పంపు. బయల్దేరే ముందు బండితో ఒకసారి ఇంటికి రా, కొండ మీద దుర్గమ్మ దగ్గర పూజ చేయించాలని మీ అమ్మ నిమ్మకాయలతో సహా లెక్క వేసుకుంది.

నాన్న