విమానాశ్రయం మెట్రోకు ఎలాంటి బండి కావాలి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ మెట్రోను శంషాబాద్ విమానాశ్రయం దాకా ఏ దారిన తీసుకుపోవాలన్న వాదన కొన్నేళ్ళుగా తెగడం లేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మార్గానికి శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక అది పక్కకు పోయి, నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్టల మీదుగా 36.8 కిలోమీటర్ల మార్గం ముందుకు వచ్చింది. ఏ ప్రాంతానికి న్యాయం జరిగింది, ఎవరి భూములకు ధర పెరిగింది అన్న తగవులోకి నేను దిగబోను. ఆ పట్టాల మీద నడవాల్సిన రైలు గురించిన మాట మాత్రం ఈ చర్చలో నాకెక్కడా కనబడలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

దారి మారితే బండి స్వభావమూ మారాలి. పాత పథకంలో స్టేషన్లు తక్కువ, గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. కొత్త మార్గంలో 24 స్టేషన్లు ప్రతిపాదించారు, అంటే సగటున 1.6 కిలోమీటర్లకు ఒకటి. ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచుకునే రైలు 120ని అందుకోవడానికి 555 మీటర్లు పోవాలి, అదే తీరున ఆగడానికి మరో 555 మీటర్లు కావాలి. వేగం పెరిగేకొద్దీ మోటార్ల లాగుడు తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ దూరమే పడుతుంది. అలాంటి చోట 120 అన్న అంకె ప్రకటనలకు తప్ప ప్రయాణికుడికి పెద్దగా అక్కరకు రాదు. అక్కడ పనికొచ్చేది చురుగ్గా కదిలి చురుగ్గా ఆగే బండి, అంటే మోటార్లున్న బోగీల పాలు ఎక్కువగా ఉన్న బండి. బ్రేకు వేసినప్పుడు అవే మోటార్లు జనరేటర్లుగా మారి 25 కిలోవోల్టుల పైతీగకు కరెంటు తిరిగి ఇస్తాయి, దగ్గర్లో నడుస్తున్న మరో రైలు దాన్ని వాడుకుంటుంది. ఇన్నిసార్లు ఆగే మార్గంలో ఈ పొదుపు చిన్నదేమీ కాదు.

ఇక సామాను సంగతి. మా ఇల్లు జూబ్లీ బస్ స్టేషన్‌కు (జేబీఎస్) దగ్గర. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల బస్సుల్లోంచి గల్ఫ్‌కు వెళ్ళేవారు దిగడం తరచూ చూస్తుంటాను. తాళ్ళతో బిగించి కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, సాగనంపడానికి వెంట వచ్చిన ఇద్దరు ముగ్గురు మనుషులు. అమెరికా వెళ్ళే విద్యార్థి చేతిలోనూ 23 కిలోల పెట్టెలు రెండుంటాయి. మన మెట్రోలో ఇప్పుడు తిరుగుతున్నవి కొరియా కంపెనీ హ్యుందాయ్ రోటెం ఇచ్చిన 57 రైళ్ళు, ఒక్కొక్కదానికి మూడు బోగీలు, గోడల వెంబడి సీట్లు, మధ్యలో నిలబడే జనం. ఆఫీసుకు పోయి వచ్చేవారికి అది సరిగ్గా సరిపోయే అమరికే. సాయంత్రం అమీర్‌పేటలో ఆ బోగీలోకి రెండు పెట్టెలతో ఎక్కమంటే మాత్రం ఎక్కేవాడికీ నరకమే, లోపలున్నవాడికీ నరకమే.

అలాగని విమాన ప్రయాణికులకు విడిగా ఖరీదైన రైలు నడపాలని నేననడం లేదు. ఢిల్లీలో 2011లో మొదలైన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌కు స్పెయిన్ నుంచి మంచి బోగీలు వచ్చాయి, న్యూఢిల్లీ స్టేషన్‌లోనే సామాను అప్పగించే వీలూ కల్పించారు. అయినా టికెట్ ధర చూసి జనం ఎక్కలేదు. 2012లో నిర్మాణ లోపాలతో కొన్ని నెలలు మూతపడింది, 2013లో ప్రైవేటు సంస్థ చేతులెత్తేస్తే ఢిల్లీ మెట్రో దాన్ని తీసుకుంది. ఛార్జీలు తగ్గించాకే అందులో జనం కనబడ్డారు. మనకు నప్పేది లండన్‌లోని పికడిలీ లైన్ పద్ధతి. 1977లో హీత్రూ విమానాశ్రయం దాకా పొడిగించిన ఆ లైన్‌లో తిరిగేవి రోజువారీ ట్యూబ్ (లండన్ మెట్రో) రైళ్ళే, కానీ విమానాశ్రయాన్ని దృష్టిలో పెట్టుకుని తలుపుల పక్కన సామానుకు కాస్త ఎక్కువ ఖాళీ వదిలి కట్టారు. ఒక్కో రైలుకు ఒక బోగీలోనైనా కొన్ని సీట్లు తీసేసి ఆ చోటు ఇస్తే చాలు. లోపల చోటిచ్చి, బయట సామాను బరువు మీదా కొలతల మీదా ఇప్పుడున్న ఆంక్షలనే అమలు చేస్తే ఫలితం ఉండదు, వాటినీ సవరించాలి.

చాంద్రాయణగుట్టలో బండి మారే బాధ మరొకటి. ఇప్పుడు జేబీఎస్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా ఉన్న మెట్రోకు కొనసాగింపుగా అక్కడికి వేయదలచిన 7.5 కిలోమీటర్ల లైన్‌కూ, విమానాశ్రయం లైన్‌కూ గేజీ (పట్టాల మధ్య దూరం), కరెంటు ఒకటే అయినప్పుడు, రోజుకు కొన్ని రైళ్ళనైనా జేబీఎస్ నుంచి నేరుగా విమానాశ్రయానికి నడిపేలా జంక్షన్‌ను ఇప్పుడే రూపొందించాలి. కట్టేశాక కలపడం అయ్యే పని కాదు. తెల్లవారుజామున బయల్దేరే విమానాలు ఎన్నో ఉండగా మొదటి మెట్రో ఉదయం ఆరు గంటలకైతే ఎవరికి ప్రయోజనం? రాత్రి మరమ్మతులకు పైతీగలో కరెంటు ఆపక తప్పదన్నది నిజమే. ఆ వ్యవధి ఎంతకు కుదించవచ్చో లైన్ కట్టకముందే తేల్చాలి.

తొందరెందుకంటారేమో. మొదటి దశ రైళ్ళకు 2012లో ఒప్పందం కుదిరితే తొలి బండి ఉప్పల్ డిపోకు చేరింది 2014లో, ప్రయాణికులు ఎక్కింది 2017 నవంబరులో. కొరియా దాకా పోనవసరం కూడా లేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారైన రైళ్ళు చెన్నై విమానాశ్రయానికి వెళ్తున్నాయి, సిడ్నీలో డ్రైవర్ లేకుండా నడుస్తున్నాయి. టెండరు పత్రంలో ఏం కోరాలో మనకు తెలిస్తే అక్కడివారు కట్టి ఇవ్వగలరు.

కాబట్టి మెట్రో అధికారులకు నా విన్నపం ఒక్కటే. టెండరు పిలవకముందే నమూనా బోగీ ఒకటి జేబీఎస్ ఆవరణలో నిలబెట్టి, ఆ రాత్రి విమానానికి బయల్దేరిన నలుగురు గల్ఫ్ కార్మికులను తమ అట్టపెట్టెలతో సహా ఒకసారి ఎక్కి దిగమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
సికింద్రాబాద్.