ఆ డబ్బా మూత ఎవరైనా విప్పారా?

సంపాదకులకు నమస్కారం.

మా పేటలోని పఠన మందిరంలో మూలనపడ్డ కంప్యూటర్ల గురించి పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కారణం ఉంది. ఎవరైనా అధికారి వివరణ ఇస్తారేమో, అది చదివాక రాద్దామని ఆగాను. వివరణ రాలేదు. నిన్న సాయంత్రం వెళ్లి చూశాను, కంప్యూటర్ల మీద కప్పిన పసుపు గుడ్డ అలాగే ఉంది. దాని మీద ఇప్పుడు పాత పత్రికల కట్టలు కూడా చేరాయి.

కాలం చెల్లిన యంత్రాలనీ, కొత్తవాటికి ప్రతిపాదన పంపామనీ సిబ్బంది చెప్పినట్టు మీ విలేకరి రాశారు. వాటికి ఏం జబ్బు చేసిందో మాత్రం అడిగినట్టు లేదు. నేను అడిగాను. ఆరు కంప్యూటర్లకూ కలిపి ఒకటే జవాబు వచ్చింది: ‘నెట్ రావడం లేదు సార్.’ ఆన్ చేసి చూపించమన్నాను. తెర మీద తేదీ 2013 జనవరి 1! పక్కదానిలోనూ అదే, ఆ పక్కదానిలోనూ అదే. నాలుగోది బీప్ బీప్‌మని అరిచి ఊరుకుంది. మిగిలిన రెండింటికి ప్లగ్గు పాయింటే లేదు, ఫ్యానుకు వాడుకుంటున్నారట.

నేను ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్ ల్యాబులో సహాయకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ జబ్బు కనిపెట్టడానికి ఆ అనుభవం కూడా అక్కర్లేదు. డబ్బా లోపల భాగాలన్నీ బిగించే పలక, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులది. కరెంటు పోయినా లోపలి గడియారం నడిచేది దానివల్లే. అది అయిపోతే యంత్రం రోజూ తెల్లారేసరికి తన పుట్టిన ఏడాదికి వెళ్లి కూర్చుంటుంది. 2013లో ఉన్న కంప్యూటర్‌కు వెబ్‌సైటు ఈ ఏటి భద్రతా ధ్రువపత్రం చూపిస్తే నమ్ముతుందా? నమ్మదు, పేజీ తెరవదు. ఉద్యోగ దరఖాస్తు కోసం వచ్చిన పిల్లలేమో నెట్ లేదనుకుని, నయీంనగర్ వెళ్లి డబ్బులిచ్చి ఆ పని చేయించుకుంటున్నారు. నాలుగు చాయ్‌ల ఖరీదు చేసే బిళ్ల కోసం ఆరు కంప్యూటర్లను కండెమ్ చేయమని దస్త్రం కదిలింది.

మూత విప్పనిస్తే నేనే చూస్తానన్నాను. ప్రభుత్వ ఆస్తి, బయటివాళ్లు ముట్టుకోకూడదన్నారు. ముట్టుకోకూడదు గానీ తుక్కుకు పంపవచ్చు!

ఇళ్లలోనూ ఇదే తంతు. మా డెస్క్‌టాప్ తెలంగాణ వచ్చిన ఏడాది కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ). నిరుడు వేసవికి అది తెరుచుకునేలోపు నేను పత్రిక మొదటి పేజీ చదివేసేవాణ్ణి. దుకాణానికి తీసుకువెళితే అక్కడి కుర్రాడు డబ్బా వైపు చూశాడు, నా నెరిసిన తల వైపు చూశాడు, ‘ఇది పనికిరాదు అంకుల్, కొత్తది తీసుకోండి’ అన్నాడు. స్క్రూడ్రైవర్ చేతిలోకే తీసుకోలేదు. ఇంకో మెకానిక్ పాత హార్డ్‌డిస్కు తీసి 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) పెట్టాడు, సెకండ్ హ్యాండ్ 4 జీబీ ర్యామ్ ఇంకొకటి వేశాడు, ఫ్యాను దుమ్ము దులిపి ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చాడు. మొత్తం 2,800 రూపాయలు. ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకుంటుంది.

అలాగని ప్రతిదాన్నీ బాగుచేయించుకుంటూ కూర్చోమనడం లేదు. కాజీపేటలో మా బావమరిది కంప్యూటర్‌కు మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు (కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బీలు) ఉబ్బిపోయాయి. పారేయమని నేనే చెప్పాను. బోర్డు మారిస్తే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాల్సి రావచ్చు, అప్పుడిక మిగిలేది రేకు డబ్బాయే. ఎస్ఎస్‌డీ మీద పెట్టిన డబ్బు రేపు కొత్త యంత్రంలోకీ వెంట వస్తుంది. చచ్చిన బోర్డు మీద పెట్టింది రాదు. నా లెక్క ఇంతే.

అధికారులు చెప్పుకోదగిన కారణం ఒక్కటి ఉంది, అదీ వాళ్లు చెప్పలేదు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఆ పాత యంత్రాలకు అవి లేవు. రక్షణ లేని యంత్రంలో ఫీజులు కట్టడం మంచిది కాదు, ఒప్పుకుంటాను. అయితే విండోస్ బదులు వాడుకునే లినక్స్ ఉచితమే కదా? కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి దాని మీదే నడుస్తున్నాయి. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ అందులో ఉంటుంది. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పెళ్లి పత్రికలు వేసే డీటీపీవాళ్లకు అది కుదరదు గానీ, దరఖాస్తులు నింపే పిల్లలకు బ్రౌజర్ ఉంటే చాలు.

ఇదే హన్మకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి ఉంది. దాని కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పారు, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. ఇన్నేళ్లా అని నేనూ విసుక్కున్నవాణ్ణే. కానీ కాలం చెల్లింది, కొత్తది కట్టేద్దాం అని ఎవరూ అనలేదు. కంప్యూటర్ పక్క రేకు విప్పడానికి రెండు స్క్రూలు తీస్తే సరిపోతుంది.

అసలు మన కార్యాలయాల్లో కొనడానికి పద్దు ఉంటుంది, బాగుచేయడానికి ఉండదు. మా వీధి బోరింగుకు వాషరు పోయి రెండేళ్లయింది, దాని పక్కనే కొత్త బోరు వేశారు. పార్కులో ఊడిన ఉయ్యాల గొలుసు బిగించేవాడు లేడు గానీ కొత్త ఉయ్యాలలకు కొలతలు తీసుకుపోయారు. కొత్తదైతే రిబ్బను కత్తిరించవచ్చు. వాషరు మారిస్తే ఫొటో ఎవరు తీస్తారు?

సరే, కండెమే చేస్తారనుకుందాం. ఆ హార్డ్‌డిస్కుల సంగతేమిటి? ఎంతమంది పిల్లల ఆధార్ ప్రతులు, మార్కుల జాబితాలు, ఫొటోలు వాటిలో పడి ఉన్నాయో! చెరిపేవాళ్లెవరు? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, కార్యాలయాల వంటి పెద్ద వినియోగదారులు ఇలాంటి సామగ్రిని నమోదైన సంస్థలకే అప్పగించాలి. ఇక్కడేమో పాత ఇనుప సామాను కొట్టువాడు అప్పుడే వచ్చి తూకం అంచనా వేసి వెళ్లాడని అటెండరే చెప్పాడు.

మీ విలేకరికి ఒక మనవి. మళ్లీ అటు వెళ్లినప్పుడు ఆ మూత విప్పడానికి అనుమతి ఎవరివ్వాలో కనుక్కుని రాయండి. ఆరు బ్యాటరీలు కొని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. స్క్రూడ్రైవర్ కూడా నాదే.

– ఒక విశ్రాంత ల్యాబ్ సహాయకుడు, హన్మకొండ