తాంబూలాల కంటే ముందు ఒక పరీక్ష

కడప

తల్లీ,

తమ్ముడి జీన్ టెస్ట్ రిపోర్టు వచ్చింది. డాక్టరు అనుమానించినట్టే ఎల్‌క్యాట్ అనే ఎంజైమ్ లోపం. చిన్నప్పటి నుంచి వాడి కళ్లలో ఉన్న మసక, రక్తం తక్కువగా ఉండటం, ఇప్పుడు మూత్రంలో ప్రొటీన్ పోవడం, అన్నిటికీ మూలం ఇదే. ఫోన్‌లో చెబితే టెన్షన్ పడి సగమే వింటావని రాస్తున్నాను.

ఈ ఎంజైమ్‌ను కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ అంటారే, ఆ హెచ్‌డిఎల్ రేణువులు ఒంట్లోని కణాల నుంచి తీసుకున్న కొలెస్ట్రాల్‌కు ఇది ఒక కొవ్వు ఆమ్లాన్ని అతికిస్తుంది. అప్పుడే ఆ కొలెస్ట్రాల్ రేణువు పైన నిలవకుండా దాని లోపలికి పోతుంది, బిళ్లలా ఉన్న హెచ్‌డిఎల్ నిండి గుండ్రంగా అవుతుంది. మన మండీలో శనక్కాయలు గోతాలకెత్తి మూతి కుడితేనే కదా లారీ ఎక్కేది. వాడి రక్తంలో ఆ కుట్టే పని జరగడం లేదు. బిళ్లలు బిళ్లలుగానే ఉండి తొందరగా పోతాయి. అందుకే వాడి హెచ్‌డిఎల్ 10 కూడా లేదు. మిగిలిపోయిన కొలెస్ట్రాల్‌తో లైపోప్రొటీన్ ఎక్స్ అనే వేరే రకం రేణువులు పుట్టి కిడ్నీ వడపోతను దెబ్బతీస్తాయి. ఎర్రకణాల పొరలోనూ కొలెస్ట్రాల్ చేరి అవి తొందరగా చితికిపోతాయి. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో హెచ్‌డిఎల్ తక్కువని తెలుస్తుంది గానీ ఎందుకు తక్కువో తెలియదు.

వాడు నూనె తిండి తిని, నడవక తెచ్చుకున్నాడని ఎవరన్నా అంటే ఊరుకోవద్దు. అది వాడితో పుట్టినది. ఆ ఎంజైమ్‌ను తిరిగి నింపే మందు ఆసుపత్రుల్లో ఇంకా లేదు. బీపీ మాత్రలు, తక్కువ కొవ్వు తిండి, కిడ్నీ మీద కన్నేసి ఉంచడం, ఇవే ఇప్పటికి. మీ అమ్మ బజ్జీలు మానేసింది, సంగటి మాత్రం మామూలే.

ఇక నీ సంగతి. ఈ జబ్బును మొదట గుర్తించింది నార్వేలో, 1967లో. ఒకామెలో కనిపిస్తే, ఆమె అక్కచెల్లెళ్లలోనూ బయటపడింది. అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన జీన్ ఒక్కోటి వస్తేనే జబ్బు. మీ అమ్మ నా అక్క కూతురు, మా ఇద్దరిలో ఒక్కో చెడిన జీన్ ఉంది, మాకేమీ కాలేదు. నీకు జబ్బు లేదని నీ పాత పరీక్షలు చూసి డాక్టరు అన్నారు. అయినా నీలో ఒక చెడిన జీన్ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. ఉన్నా నీ ఆరోగ్యానికి భయం లేదు.

నాకున్న ఆలోచనంతా బావ గురించి. మీ మామకూ ఆ జీన్ వచ్చి ఉండవచ్చు, మామ నుంచి బావకూ వచ్చి ఉండవచ్చు. మీ ఇద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఈ జబ్బు అవకాశం. నేను సంబంధం వద్దనడం లేదు. బావ మంచివాడు, నీకిష్టం, మాకూ ఇష్టమే. తాంబూలాలు మార్చుకునే ముందు మీరిద్దరూ రక్తం ఇవ్వండి. తమ్ముడిలో ఏ మార్పో తెలిసింది కాబట్టి మీలో అదొక్కటే వెతికితే చాలు. ఇద్దరిలోనూ ఉందని తేలితే ఏం చేయాలో జెనెటిక్ కౌన్సెలర్‌తో కూర్చుని మీరే నిర్ణయించుకోండి, మేము అడ్డం రాము.

రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపుతున్నాను. బావతో నువ్వు మాట్లాడు. మామకు నేను చెబుతాను, ఇది ఎవరి ఇంటి తప్పూ కాదని కూడా చెబుతాను.

మీ నాయన