సకినాల డబ్బాలో పెట్టిన ఉత్తరం

హాలియా, శుక్రవారం

బిడ్డా,

సకినాల డబ్బాలో ఈ ఉత్తరం పెడుతున్నాను. ఆషాఢంలో సకినాలేంటని రాజవ్వ నవ్వింది, నవ్వనీ. ఫోన్‌లో అయితే "బాగనే ఉన్న నాయినా" అని పెట్టేస్తావు. పోయిన ఆదివారం నుంచి అది కూడా లేదు. మీ అమ్మ మెసేజ్‌కి నీలం టిక్కులు పడ్డాయి కాబట్టి నాకేం టెన్షన్ లేదు. తొక్కు సీసా మూత గట్టిగా పెట్టు, పోయినసారి బూజు పట్టించావు.

ఇక్కడ అంతా మామూలే. గాలికి కొట్టం మీద రెండు రేకులు లేచాయి. మొన్న మల్లేశం కొడుకు ఒక వీడియో చూపించాడు. చిన్న విమానం దిగుతూ పక్కకు ఒరిగి, రెక్క నేలకు రాసుకుని గడ్డిలోకి పోయింది. మీ ఫ్లయింగ్ స్కూల్‌దే అంటాడు. గట్టిగా అడిగితే ఎవరో పంపారట. నేను నమ్మలేదు. నాలుగుసార్లు చూశాను. మీ అమ్మకు చూపించలేదు. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర తుంగతుర్తి దగ్గర ట్రైనింగ్ విమానం కూలితే, అందులో చనిపోయిన ట్రైనీ పిల్ల కోసం రెండు రోజులు అన్నం ముట్టని మనిషి.

సంక్రాంతికి నువ్వు చెప్పినవి క్యాలెండర్ వెనక రాసుకున్నాను. గాలి రన్‌వేకు 30 డిగ్రీలు వారగా వస్తే అందులో సగం పక్కగాలి, అడ్డంగా వస్తే మొత్తం పక్కగాలే. మీ సెస్నా 172 విమానాన్ని 15 నాట్ల పక్కగాలిలో, అంటే గంటకు 28 కిలోమీటర్లు, దింపి చూపించారని పుస్తకంలో ఉందట. అది హద్దు కాదు నాయినా అన్నావు. నేను దాని పక్కన 8 అని రాసుకున్నాను. నీకు అది చాలు.

ముక్కు గాలివైపు పెట్టి వచ్చి, చక్రం ఆనే ముందు రన్‌వేకు సూటిగా తిప్పి, గాలివైపు రెక్క వంచి ఆ పక్క చక్రమే ముందు ఆనించాలి. ఆనాక కూడా కంట్రోలు వదలొద్దు, వేగం తగ్గేకొద్దీ ఇంకా గాలివైపే తిప్పాలి. ఇవన్నీ నువ్వే చెప్పావు. ఆ వీడియోలో వాడు దిగాం కదా అని వదిలేసి ఉంటాడు.

మీ తాత కల్లం సంగతి చెప్పానా? చెప్పే ఉంటాను. యాసంగి వడ్లు కుప్ప పోసి ఉన్నాయి. పటేలు బండి కట్టించుకుని వచ్చి నిలబడ్డాడు. తాత పీట ఎక్కి, చాట ఎత్తి, గుప్పెడు జారవిడిచాడు. పొల్లంతా ఆయన కళ్లలోనే పడింది. దిగి చుట్ట ముట్టించాడు. "మబ్బు పట్టింది, ఎత్తురా" అని పటేలు తిట్టాడు. పదేళ్లవాణ్ణి, నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దుగూకేదాకా మూడుసార్లు ఎక్కాడు, మూడుసార్లు దిగాడు. నాలుగోసారి గింజ కాళ్ల దగ్గర రాలి, పొల్లు రెండు బారల అవతల పడింది. అప్పుడు చాట అందియ్యమన్నాడు. లాంతరు పెట్టుకుని ముగించాం. వాన రాలేదనుకో.

నువ్వూ కుదరకపోతే మళ్లీ లేచి ఇంకో చుట్టు తిరుగు, గో అరౌండ్ అంటారుగా. వెనక వేరేవాళ్లున్నారని, సారు చూస్తున్నాడని దింపకు. ఆయిల్ ఖర్చంటావేమో, ఎకరం అమ్మినోణ్ణి దానికి వెనకాడతానా? లెక్చర్ ఇవ్వొద్దనుకునే మొదలుపెట్టాను.

రాత్రి పెరుగు తినకు, నీకు పడదు.

ఆ వీడియోలో తోక మీది నంబరు కనపడలేదు. ఎర్ర గీత ఒకటి ఉంది. మీ వాటికి ఏ రంగు గీతలుంటాయి? ఊరికే అడుగుతున్నా.

నాయిన