ఫోన్లలో మెయిల్ ఆగితే ముందు ఇవి చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ఆఫీసుల్లో ఎక్స్‌ఛేంజ్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) చూసుకునే అందరికీ,

సర్వర్ భద్రతా సర్టిఫికెట్ మార్చాక కంప్యూటర్‌లో మెయిల్ తెరుచుకుని, ఆండ్రాయిడ్ ఫోన్లలో రాకపోతే, సర్వర్‌లో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (మన సర్టిఫికెట్‌ను దాన్ని ఇచ్చిన పెద్ద సంస్థతో కలిపే మధ్య సర్టిఫికెట్) వేశారో లేదో ముందు చూడండి. బ్రౌజర్లు చాలావరకు దాన్ని తామే తెచ్చుకుంటాయి, ఫోన్ తెచ్చుకోదు. అందుకే పరీక్ష ఎప్పుడూ ఫోన్‌తోనే చేయండి, అదీ ఆఫీసు వైఫై ఆపేసి.

బయటి నుంచి ఫోన్లకు 443 పోర్ట్ ఒక్కటి తెరిస్తే చాలు. ఫైర్‌వాల్‌లో దాని ఐడిల్ టైమౌట్ (ఏ డేటా కదలకపోయినా లైన్‌ను తెంచకుండా ఉంచే సమయం) 30 నిమిషాలు పెట్టండి. యాక్టివ్‌సింక్‌లో (ఫోన్‌కు మెయిల్ అందించే పద్ధతి) ఫోన్ ఒక రిక్వెస్ట్ పంపి, కొత్త మెయిల్ వచ్చేదాకా ఆ లైన్ పట్టుకునే ఉంటుంది. ఫైర్‌వాల్ రెండు నిమిషాలకే తెంచేస్తే మళ్లీ మళ్లీ కలుపుకోవడంతోనే బ్యాటరీ అయిపోతుంది.

పాస్‌వర్డ్ మార్చినవాళ్ల అకౌంట్ పదేపదే లాక్ అవుతోందా? ఇంట్లో పాత ఫోన్ ఏమైనా ఉందేమో అడగండి. అది పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతూనే ఉంటుంది.

ట్రాన్సాక్షన్ లాగ్‌లను (మెయిల్ డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ రాసుకునే ఫైళ్లను) చేత్తో డిలీట్ చేయొద్దు, దయచేసి! ఫుల్ బ్యాకప్ సరిగ్గా పూర్తయితే అవే పోతాయి. బ్యాకప్ ఆగితే లాగ్‌లు పేరుకుని డ్రైవ్ నిండిపోయి డేటాబేస్ డిస్‌మౌంట్ అవుతుంది, అంటే మెయిల్ ఆగిపోతుంది. గాలివానకు కరెంటు పోతే, యూపీఎస్ ఆఖరి నిమిషం దాకా లాగకుండా ముందే షట్‌డౌన్ చేయండి.

ఎక్స్‌ఛేంజ్ 2019కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని సీయూ14, సీయూ15 (క్యుములేటివ్ అప్‌డేట్లు) మీద ఉన్నవాళ్లు అదే సర్వర్ మీద నేరుగా ఎక్స్‌ఛేంజ్ తర్వాతి వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి మారవచ్చు.