మాడ్రిడ్ నుంచి లిస్బన్ ఎంత దూరమంటే...

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. మాడ్రిడ్‌లో ఆఫీసు పని అయ్యాక మా లిస్బన్ వస్తానన్నావు, చాలా సంతోషంరా. "ఎంత దూరం, ఫ్లైట్‌లో ఎంతసేపు?" అని అడిగి ఊరుకున్నావు గానీ, అది ఒక్క ముక్కలో తేలేది కాదు.

మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే 500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గీసినా దాదాపు అంతే. రోడ్డు మీదైతే 620 దాటుతుంది. విమానం గాల్లో ఉండేది గంటసేపే. టికెట్ మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలని ఉంటుంది. గేటు వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారు కదా! మాడ్రిడ్ బరాహస్ ఎయిర్‌పోర్టు చాలా పెద్దది, నాలుగు రన్‌వేలు. రన్‌వే దాకా వెళ్ళడానికే బోలెడు టైము పడుతుంది. మాకేమో ఉన్నది ఒక్కటే రన్‌వే, రద్దీగా ఉంటే దిగడానికీ వరుసలో ఆగాలి.

అసలు తమాషా గడియారంతో. పోర్చుగల్ టైము స్పెయిన్ కంటే గంట వెనక. అక్కడ పదింటికి బయల్దేరితే ఇక్కడ పదీ ఇరవైకి దిగుతావు. తిరుగు ప్రయాణంలో పదింటికి ఎక్కితే పన్నెండూ ఇరవై! మాడ్రిడ్ నుంచి ఇండియా ఫ్లైట్ అదే రోజు పెట్టుకుంటే ఈ గంట మర్చిపోకు. నిజానికి మాడ్రిడ్ లండన్ కంటే పడమరగా ఉన్న ఊరు. 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో హయాంలో గడియారం గంట ముందుకు జరిపారు, అలాగే ఉండిపోయింది. పోర్చుగల్ కూడా 1992లో ఆ టైముకే మారి చూసింది. చలికాలం పిల్లలు చీకట్లో బడికి పోవాల్సి రావడంతో జనం గోల పెట్టారు, 1996లో వెనక్కి వచ్చేశారు. మంచి పని చేశారంటాను నేను.

నీకు రైలంటే పిచ్చి కదా, ఆ ఆశ మాత్రం వదులుకో. పక్కపక్క దేశాల రాజధానులై ఉండి కూడా వీటి మధ్య నేరుగా ఒక్క రైలు లేదు. ఉన్న రాత్రి రైలు 2020లో కోవిడ్‌తో ఆగింది, మళ్ళీ నడవలేదు. ఇప్పుడైతే స్పెయిన్ సరిహద్దు ఊరు బదహోస్ మీదుగా రైళ్ళు మారుతూ రోజంతా రావాలి. మాడ్రిడ్ నుంచి బార్సిలోనా దూరమూ ఇంతే, అక్కడికేమో హైస్పీడ్ రైలు రెండున్నర గంటల్లో దించేస్తుంది. నాకు ఒళ్ళు మండేది ఇందుకే. రాత్రి బస్సులున్నాయి గానీ మన స్లీపర్ బస్సుల్లా పడుకోవచ్చనుకోకు, ఎనిమిది గంటలు కూర్చునే రావాలి.

కాబట్టి ఫ్లైటే ఎక్కు. షెంగెన్ వీసా ఒకటే రెండు దేశాలకీ చాలు. మామూలుగా ఇమిగ్రేషన్ క్యూ ఉండదు, అయినా పాస్‌పోర్టు చేతిలో ఉంచుకో. చవక టికెట్ అయితే బ్యాగేజీ రూల్స్ ఒకటికి రెండుసార్లు చదువు. అమ్మ ఇచ్చే ఆవకాయ చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టు, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ వాళ్ళు ఆపేస్తారు. కిటికీ సీటు తీసుకో. గాలి ఉత్తరం నుంచి వీస్తుంటే తేజు నది దాటి ఊరి మీదుగానే దిగుతుంది విమానం, ఎర్ర వంతెన కూడా కనబడొచ్చు.

ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉంది, మెట్రో ఉంది. అయినా నేనే వస్తాలే. బుక్ చేయగానే టైము పంపు, లిస్బన్ టైమే రాయి.

నీ
రవి